సంతకం పదివేలకు, చేతికి అయిదువేలు

"దుర్వినియోగం" అన్న మాటకు మన పత్రికలు, మన నాయకులు కలిసి అర్థాన్ని కుదించి చాలా కాలమయింది. ఎవరో ఒకరు ప్రజల సొమ్మును జేబులో వేసుకొని దొరికిపోతే తప్ప అది దుర్వినియోగం కాదన్నట్టు వాడుతున్నారు. పదం చెప్పేది అది కాదు. వినియోగమంటే ఒక వస్తువును దానికి నియమించిన పనితో కూర్చడం. ఆ కూర్పు చెడితే దుర్వినియోగం. జేబులో వేసుకొనడానికి మన భాషలో వేరే మాటలున్నాయి: అపహరణం, స్వాహా, మింగడం, బొక్కడం. ఇన్ని మాటలుండగా దుర్వినియోగానికి ఆ పని అప్పగించవలసిన అగత్యం లేదు. ముంపునకు గురైన ఇంటికి చేరవలసిన రూపాయి ముంపు చూడని ఇంటికి చేరితే, మధ్యలో ఒక్క పైసా ఎవరూ తినకపోయినా అది దుర్వినియోగమే. "తిన్నట్టు రుజువు లేదు గనుక దుర్వినియోగం లేదు" అనేవారు తర్కంలోనే కాదు, వ్యాకరణంలోనూ తప్పుతున్నారు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? ప్రతి వానకాలంలోనూ మా వీధిలో ఆ పదివేల ప్రస్తావన వస్తుంది. వచ్చినప్పుడల్లా "అయిపోయినదాని గురించి ఇంకా ఎందుకు మాస్టారూ" అనే పెద్దమనుషులు తారసపడుతూనే ఉంటారు. అయిపోలేదు. లెక్క చెప్పనిది అయిపోయినట్టు కాదు. బడిలో నలభై మంది పిల్లలకు నోటు పుస్తకాలు పంచినా, చివర ఎన్ని మిగిలాయో చెప్పేదాకా ఆ పంపకం పూర్తయినట్టు కాదని మా ప్రధానోపాధ్యాయులు అనేవారు.

చదివేవారిలో దూరదేశాలవారు కూడా ఉన్నారు గనుక ముందుగా స్థలపరిచయం. చార్మినారు నుండి దక్షిణంగా శాలిబండ, అలియాబాదు దాటి ఫలక్‌నుమా వైపు వస్తే తగిలేది జహనుమా. పారసీ మాట. జహాన్ అంటే లోకం, నుమా అంటే చూపునది. లోకాన్ని చూపేది జహనుమా, ఆకాశాన్ని చూపేది ఫలక్‌నుమా. రెండూ పక్కపక్కనే. ఆకాశం 2010లో తాజ్ వారి హోటలయింది. లోకం మాత్రం మోరీల నడుమ ఉన్నచోటనే ఉంది. (భాషాపండితుణ్ణి, ఇటువంటివి చెప్పకుండా ముందుకు పోలేను. మన్నించాలి.)

2020 అక్టోబరు 13వ తేదీ నాటి వాన నగరంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. మాకు దగ్గరలోని బండ్లగూడలో గోడ కూలి పసిబిడ్డతో సహా పలువురు మరణించారు. పల్లెచెరువు కట్ట తెగింది. అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీటిలో ఉంది. ఆ నీరు తీయకముందే, అయిదు రోజులకు, బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. ఇళ్లలో బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషన్లు, అన్నీ బురద. మా వైపు ఆడవారిలో చాలామందికి కుట్టుమిషనే జీవనాధారం. మిషను మోటారులోకి బురద పోతే బాగు చేయించడానికి పట్టే ఖర్చు చూసి, దానిని పాత ఇనుప సామానుకు వేసినవారిని నేనెరుగుదును.

అక్టోబరు 19న నాటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు ముంపునకు గురైన ప్రతి కుటుంబానికి పదివేల రూపాయలు తక్షణ సాయంగా ఇస్తామని ప్రకటించారు. పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి యాభైవేలు. అందుకుగాను 550 కోట్లు విడుదల చేశామన్నారు. మరునాటి నుండే పంపకం మొదలయింది. ఇక్కడిదాకా ఆక్షేపించవలసినది ఏమీ లేదు. నీట మునిగినవాడికి మరునాడే డబ్బు అందడం మంచి పని. ఆ తీర్మానం చేసినవారిని మెచ్చుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఆక్షేపణ అంతా పంచిన తీరు మీద. డబ్బు నోట్ల కట్టలుగా వచ్చింది. పంచడానికి సిబ్బంది వచ్చారు. సిబ్బందితోపాటు వీధి పేర్లు, ఇంటి గుమ్మాలు ఎరిగినవారు కావాలి గనుక స్థానిక నాయకుల మనుషులు వచ్చారు. ఎవరి ఇంట్లో నీరు వచ్చిందో తేల్చేది ఎవరు? ఆ వచ్చినవారే. ఎవరికి ఇచ్చారో రాసుకొనేది ఎవరు? ఆ వచ్చినవారే. ఎంత ఇచ్చారో చూసే మూడవ కన్ను ఎక్కడుంది? లేదు. నగరంలో అనేక పేటల నుండి ఒకే రకమైన ఆరోపణలు వచ్చాయి: పదివేలకు సంతకం పెట్టించుకొని అయిదువేలు ఇచ్చారని, నీరు చూడని మేడమీది ఇళ్లకు అందిందని, మునిగిన ఇంటి తలుపు తట్టనే లేదని. అక్టోబరు నెలాఖరుకు జనం కార్యాలయాల ముందు బైఠాయించారు. ప్రతిపక్షాలు విచారణ కోరాయి.

మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఒకాయన నాతో అన్న మాట ఆయన మాటల్లోనే రాస్తాను. "పది అని రాసుకున్రు సారూ. అయిదు చేతిల వెట్టిన్రు. గిదేందన్న అంటె, గా అయిదు గుడ ఇయ్యకుంటె ఏం జేస్తవన్నరు." రెండిళ్ల అవతల కుట్టుపని చేసుకొనే ఆమె ఇంకా క్లుప్తంగా చెప్పింది. "పాంచ్ హాత్ మే దియే మాస్టర్ సాబ్, దస్తఖత్ దస్ పే లియే." చేతిలో అయిదు పెట్టారు, సంతకం పదికి తీసుకొన్నారు. ఇద్దరి భాషలు వేరు, మతాలు వేరు, ఇళ్లు ఎదురుబొదురు కూడా కావు. మాట ఒక్కటే. వచ్చినవారు ఎవరని అడిగాను. ఇద్దరూ పేర్లు చెప్పలేదు. మళ్లీ వాన వస్తుంది గదా, మళ్లీ వారే రావాలి గదా, అన్నట్టు చూశారు.

వీరిద్దరి మాటలతో నేరం రుజువయిందని నేననను. నేను న్యాయాధికారిని కాను. నేను చెప్పేది వేరు. ఈ ఆరోపణ నిజమో అబద్ధమో ఒక్క కాగితంతో తేలిపోయేది. ఎవరికి, ఏ ఇంటి నంబరుకు, ఏ తేదీన, ఎంత ఇచ్చారో తెలిపే జాబితాను వార్డు కార్యాలయం గోడకు అంటిస్తే చాలు. ఇస్త్రీ ఆయన పేరు ఎదుట పదివేలని ఉంటే ఆయన గొంతెత్తేవాడు. నీరు చూడని మేడ పేరు ఉంటే పక్కింటివారు చూసేవారు. ఎవరూ తినకపోయి ఉంటే ఆ గోడే వారి నిర్దోషిత్వానికి సాక్షి అయ్యేది. గోడకు ఎక్కవలసిన జాబితాను అలమరలో దాచినవారికి, తమ మీద నిందలు వేస్తున్నారని బాధపడే అర్హత లేదు.

లెక్క వేసి చూడండి. 550 కోట్లనూ పదివేల చొప్పున పంచితే అయిదున్నర లక్షల కుటుంబాలు. అంటే అయిదున్నర లక్షల పేర్లు. ఇంత పెద్ద జాబితా ఎలా ప్రకటించడం అంటారు కొందరు. అదే ఏడాది డిసెంబరు 1న జరిగిన నగరపాలక ఎన్నికలకు 74 లక్షలకు పైబడిన ఓటర్ల జాబితాను, 150 వార్డులకు విడదీసి, ఇంటి నంబర్లతో సహా అచ్చువేసి పోలింగు కేంద్రాల దగ్గర పెట్టారు కదా! ఓటు అడగడానికి ఇంటింటి పేరూ దొరికింది. డబ్బు ఇచ్చినదానికి పేరు దొరకలేదా?

తొందరలో పంచాము, నీట ఉన్నవారికి బ్యాంకు ఖాతాలని తిరగమంటామా అన్నది ఇంకొక సమాధానం. వినడానికి దయగా ఉంటుంది. కాని అదే ప్రభుత్వం అదే సంవత్సరం ఏప్రిల్, మే నెలలలో, లాక్‌డౌనులో, తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబాలకు నెలకు 1500 చొప్పున బ్యాంకు ఖాతాలలోనే వేసింది. ఖాతా లేనివారికి తపాలా కార్యాలయాల ద్వారా ఇచ్చింది. ఆరు నెలలు తిరగకముందే ఆ దారి ఎలా మూసుకుపోయింది? రైతుబంధు సొమ్ము రైతు ఖాతాలోకి పోవడం తెలిసిన ప్రభుత్వానికి, ముంపు సొమ్ము ముంపు బాధితుని ఖాతాలోకి పోవడం తెలియదంటే నమ్మేదెలా? ఖాతాలోకి వేస్తే మధ్యలో నిలబడేవాడు ఉండడు. ఎన్నికలు ముంగిట ఉన్నప్పుడు మధ్యలో నిలబడేవాడు ఉండాలని ఎవరికో అనిపించిందేమో, నేను ఊహించను, చదివేవారు ఊహించుకోవచ్చు.

నవంబరులో పద్ధతి మార్చారు. మీసేవలో దరఖాస్తు చేసుకొంటే ఖాతాలో వేస్తామన్నారు. ముందు చేయవలసినది వెనుక చేశారు, అదీ చేయవలసిన రీతిలో చేయలేదు. మీసేవ కేంద్రాల ముందు తెల్లవారుజాము నుండి బారులు తీరిన ఆడవారిని నేను చూశాను. అది కరోనా కాలం. టోలీచౌకీ వైపు వరుసలో నిలబడ్డ ఒక పెద్దావిడ అక్కడే కుప్పకూలి మరణించిన వార్త అందరూ చదివే ఉంటారు. నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘం నియమావళి పేరిట పంపకాన్ని ఆపివేసింది. ఇక దాని మీద రాజకీయం సాగింది. ఆపించినది మీరంటే మీరని ఒకరి మీద ఒకరు. ఎన్నికల తరువాత మిగిలినవారికి ఇస్తామన్నారు. డిసెంబరు 4న ఫలితాలు వచ్చాయి. ఆ తరువాత ఆ విచారణ మాట, కోరినవారి నోట సైతం, గట్టిగా వినిపించిన గుర్తు నాకు లేదు. బాధితుని పదివేలలో అయిదువేలు ఎవరు తిన్నారో తెలుసుకోవాలన్న ఆరాటం పోలింగు నాటితో తీరిపోయిందంటే ఆ ఆరాటం ఎవరి కొరకో తెలుస్తూనే ఉంది. అధికారపక్షాన్నే కాదు, వారిని ప్రశ్నించిన పక్షాలను, మా పాతబస్తీ మాదేనని చెప్పుకొనే పక్షాన్ని కూడా కలిపే అంటున్నాను.

ఇప్పుడు నా వృత్తిలోని సంగతి ఒకటి. సర్వశిక్షా అభియాన్ రోజులలో ఒక్కొక్క ఉపాధ్యాయునికి సంవత్సరానికి 500 రూపాయల టీచరు గ్రాంటు ఇచ్చేవారు, బోధనోపకరణాల కొరకు. అయిదు వందలు! ఆ అయిదు వందలకు చార్టులెన్ని, స్కెచ్ పెన్నులెన్ని, అట్టలెన్ని, బిల్లు నంబరెంత, దుకాణం పేరేమి, అన్నీ అతికించి ఇవ్వాలి. ఒకసారి ఒక అంగడివాడు ఇచ్చిన బిల్లు మీద తేదీ లేదని నా కాగితాలు వెనుకకు వచ్చాయి. ఎండలో మళ్లీ పోయి తేదీ వేయించుకొని వచ్చాను. విసుగు పుట్టినా అది న్యాయమే అనుకొన్నాను. ప్రజల సొమ్ము, అయిదు వందలైనా అడగవలసిందే. పాత రోజులలో జీతం చేతికి తీసుకొనేటప్పుడు అక్విటెన్స్ రోలులో రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం చేసేవాళ్లం. నా జీతం నేను తీసుకోవడానికే అంత తంతు. బడికి వచ్చిన గ్రాంటు ఎంతో, దేనికి ఖర్చయిందో బడిగోడ మీద సున్నం కొట్టి రాయించేవాళ్లం. చదువురాని తల్లిదండ్రులు కూడా పిల్లలచేత చదివించుకొని, "ఈ కుండలకు ఇంత రేటా పంతులూ" అని అడిగేవారు. అడిగితే చెప్పేవాళ్లం. అయిదు వందల గ్రాంటుకు గోడ ఉంది. 550 కోట్లకు గోడ లేదు.

పల్లెల్లో కూడా గోడ ఉండేది, అంతకన్న గొప్పది ఉండేది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించాలన్నది. ఆ పనిని దేశంలో అందరికన్న ముందుగా, పట్టుదలగా చేసినది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2006 నుండి మొదలుపెట్టి, 2009లో అందుకొక ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేశారు. మస్టరు రోలు పట్టుకొని ఊరి మధ్య నిలబడి పేర్లు చదివేవారు. ఫలానా ఎల్లమ్మ, ఇన్ని రోజులు, ఇంత కూలి అని. "ఎల్లమ్మ సచ్చి మూడేండ్లాయె" అని గుంపులో నుండి ఒక గొంతు లేచేది. ఆ ఒక్క గొంతు వంద మంది ఆడిటర్ల పెట్టు. అంతకుముందు 1994 డిసెంబరు 2న రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు మొదటి జనసున్‌వాయీ జరిపినప్పుడు చేసినదీ ఇదే: కాగితాన్ని బయటకు తేవడం, పైకి చదవడం. సమాచార హక్కు చట్టం ఆ చెట్టు కింద పుట్టినది.

పల్లెటూరి ఎల్లమ్మకు ఉన్న హక్కు జహనుమాలోని కుట్టుపని ఆమెకు ఎందుకు లేదు? నగరవాసి అంటే చదువుకొన్నవాడు, తెలివైనవాడు అని పేరు. తన పేరు మీద ఎంత రాసుకొన్నారో తెలుసుకొనే విషయంలో మాత్రం నగరవాసి పల్లెవాసికన్న అనాథ. రాజ్యాంగం 74వ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. మూడు లక్షలకు పైబడిన జనాభా ఉన్న పురపాలికలలో వార్డు కమిటీలుండాలన్నది. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం డబ్బు తీసుకొనే రాష్ట్రాలు ప్రజాభాగస్వామ్య చట్టం చేయాలని, లెక్కలు బయట పెట్టే చట్టం చేయాలని షరతు పెట్టింది. డబ్బు వచ్చింది. మా వీధిలో ఏరియా సభ అన్న మాట తెలిసినవారు ఎందరున్నారో అడిగి చూడండి.

ఆ పథకం మాట వచ్చింది గనుక చార్మినారు సంగతి కొంచెం. 1591 నాటి కట్టడం చుట్టూ వాహనాలు లేకుండా చేసి, మనుషులు నడిచే చోటుగా మార్చాలని 2006లో 35 కోట్ల అంచనాతో పాదచారి పథకం తలపెట్టారు. ఆక్రమణలు, వాహనాలు, తోపుడుబండ్లు, ఎవరూ కదలలేదు, పని ఏళ్ల తరబడి ఈడిగిలబడింది. 2017 జనవరిలో పదునలుగురు సభ్యుల ఫ్రెంచి బృందం వచ్చి పథకం సాధ్యాసాధ్యాలను పరిశీలించింది. మరొకసారి చదవండి. పని తలపెట్టినది 2006. అది చేయడం సాధ్యమా కాదా అని చూచినది 2017. పెండ్లి జరిగిన పదకొండేళ్లకు జాతకాలు పొంతన చూసినట్టు! ఇందులో ఎవరు ఎంత తిన్నారన్న ప్రశ్న నేను వేయడం లేదు. ఎవరూ తినలేదనే అనుకొందాం. పదకొండేళ్లపాటు సొమ్మూ కాలమూ దేనితో కూడలేదు. నేను మొదట చెప్పిన దుర్వినియోగానికి ఇంతకన్న మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

ఇది మా నగరానికే పట్టిన పీడ అనుకోకండి. కాగ్ వారు ఆ నవీకరణ పథకం మీద 2012లో ఇచ్చిన నివేదిక చూస్తే, దేశమంతటా మంజూరైన 1517 గృహనిర్మాణ ప్రాజెక్టులలో 2011 మార్చి నాటికి పూర్తయినవి 22. అయినా వినియోగ ధ్రువపత్రాలు పై నుండి కిందికి, కింద నుండి పైకి నడుస్తూనే ఉంటాయి. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలలలోగా గ్రాంటు పొందినవారు వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలన్నది కేంద్రప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి. దాని మీద సంతకం చేసేది ఎవరు? ఖర్చు చేసినవాడే. నేను బాగా చదివానని విద్యార్థి తనకు తానే రాసుకొనే ప్రగతిపత్రం అది. ఆ పత్రాన్ని తీసుకొని పోయి ఊరి మధ్యలో చదవమంటున్నాను, అంతే.

నేను ఒక కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను, మా వార్డులో ముంపు సాయం పొందినవారి జాబితా ఇమ్మని. ముప్పయి రోజులకు రెండు రోజుల ముందు జవాబు వచ్చింది, అంతవరకు సంతోషమే. జవాబులో లబ్ధిదారుల వివరాలు వ్యక్తిగత సమాచారమని, ఇవ్వడం కుదరదని రాశారు. సెక్షను నంబరు కూడా వేశారు, 8(1)(జె). తమాషా ఏమంటే, అదే చట్టంలో 4(1)(బి) కింద పన్నెండవ అంశం ఉంది. సబ్సిడీ కార్యక్రమాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలతో సహా, ఎవరూ అడగకుండానే ప్రకటించాలని అది చెబుతుంది. సబ్సిడీ లబ్ధిదారుని పేరు అడగకుండానే గోడకెక్కాలని చట్టం అంటుంటే, సర్కారు చేతి నుండి నేరుగా నగదు అందుకొన్నవాని పేరు అడిగినా చెప్పకూడని రహస్యమెలా అవుతుంది? అడిగితే ఇది సబ్సిడీ కాదు, సాయం అంటారేమో! పేరు మారినంత మాత్రాన సొమ్ము ఎవరిదో మారుతుందా?

వ్యక్తిగతమట. పదివేలు ప్రభుత్వం నుండి తీసుకొన్నానని బయటపడడం ఇస్త్రీ ఆయనకు అవమానమని ఆయన తరఫున ఆ అధికారి బాధపడుతున్నాడు. ఆయనను ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. ఆయనకు అవమానమయింది తీసుకొన్న అయిదువేలతో కాదు, తీసుకోని అయిదువేలకు పెట్టిన సంతకంతో.

ఈ సాకు ఇకమీదట ఇంకా బలపడుతుంది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ 8(1)(జె) లో ఉన్న మెలికలను, అంటే ప్రజాకార్యంతో సంబంధమున్న సమాచారమైతే ఇవ్వవచ్చునన్న వెసులుబాటును తొలగించింది. ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చునని 8(2) ఇంకా చెబుతూనే ఉంది గాని, అది అధికారి మనసును బట్టి. ఇక అప్పీళ్ల సంగతి. మన తెలంగాణలో సమాచార కమిషను 2023 ఫిబ్రవరి నుండి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరు కూడా లేక ఖాళీగా ఉంది. 2025 మేలో గాని ప్రధాన కమిషనరు నియామకం జరగలేదు. ఈ ఖాళీలో రెండు ప్రభుత్వాలకూ భాగముంది. గద్దె మీద ఉన్న రోజులలో ప్రశ్నలంటే గిట్టకపోవడంలో పార్టీల మధ్య భేదం నాకు కనిపించలేదు.

పాతబస్తీవారు కరెంటు బిల్లు కట్టరు, ఇంటిపన్ను కట్టరు, లెక్కలడగడానికి వారికేమి హక్కు అనే మహానుభావులు కూడా ఉన్నారు, వారిలో కొందరు బాగా చదువుకొన్నవారు. నాకు తెలిసిన ఇళ్లలో కట్టేవారే ఎక్కువ. అది అలా ఉంచండి. కుట్టుపని ఆమె కొనే దారపు ఉండ మీద పన్నుంది, సబ్బు మీద ఉంది, సెల్‌ఫోను రీచార్జి మీద ఉంది. అంగడివాడు ఆమె దగ్గర పన్ను తీసుకొనేటప్పుడు నీది ఏ పేట అని అడగడు.

ఊరికే వచ్చినదానిలో సగం పోతే ఏమి అనే వాదం అన్నిటికన్న నీచమైనది. అది అనేవారు దానానికీ ప్రభుత్వ సాయానికీ తేడా ఎరుగరు. దాత తన సొమ్ము ఇస్తాడు, ఇష్టమైతే సగమే ఇస్తాడు. ప్రభుత్వం దాత కాదు, పంచేవాడు. పంచేవాడు తన గరిటె తాను నాకకూడదు. పదివేలలో అయిదువేలు పోవడం, కోటిలో అయిదువేలు పోవడం ఒకటి కాదు. ఆమెకు ఆ అయిదువేలు మోటారు బాగు చేయించుకొనే ఖరీదు. అది అంది ఉంటే మిషను పాత సామానులోకి పోయేది కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని బలి తీసుకొన్నది ఈ ఊరినే. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. ప్రభువుల కాలాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు, ఆ రోజులలో రైతు మీద పడిన బరువు నాకు తెలుసు. కాని ఆ వరద మీద పెట్టిన ఖర్చు ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది, నగరం నీళ్లు తాగింది. 2020 వరద మీద నోట్లుగా పెట్టిన ఖర్చు ఎక్కడ చూడాలి? జాబితాలో చూడాలి. ఆ జాబితా ఇవ్వమంటున్నాను.

చివరగా మా పేటవారికి, పక్క పేటవారికి ఒక మాట. మీ పేరు మీద ఎంత రాసుకొన్నారో తెలుసుకొనడం ఇంకొకరి వ్యక్తిగత సమాచారం కాదు, మీదే. ఆ దరఖాస్తుకు 8(1)(జె) అడ్డురాదు. ఒక్కొక్కరు తమ తమ పేరున, తమ ఇంటి నంబరు వేసి, 2020 అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈ ఇంటికి ఇచ్చిన మొత్తమెంత, సంతకం ఉన్న పుట నకలు ఇప్పించండి అని అడగవచ్చు. జాబితా మొత్తంగా ఇవ్వకపోతే ముక్కలు ముక్కలుగా తెచ్చుకొందాం. ఇప్పటికి పదకొండు దరఖాస్తులు రాసి ఉంచాను, తెలుగులో ఏడు, ఉర్దూవి నాలుగు మా పక్కింటి కుర్రవాడు రాశాడు. రాయించుకోదలచినవారు సాయంత్రం నమాజు వేళ దాటిన తరువాత మా ఇంటికి రావచ్చు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు తెచ్చుకొంటే చాలు, కాగితమూ కలమూ నావే.